అతను తిరిగి వెళ్లే థియేటర్

అమ్మా సుమతీ,

కంటి ఆపరేషన్లు నేర్చుకోవడానికి లైబీరియా నుంచి మీ ఆసుపత్రికి ఒక డాక్టరు వచ్చాడని, అతనికి నువ్వే గురువువని మీ అమ్మ చెబితే పొంగిపోయాను. పెదనాన్నగా ఒక మాట చెప్పనా? శుక్లాలు తీసే ఫేకో మిషన్ మీద నీ చెయ్యి ఎంత బాగా నడుస్తుందో నాకు తెలుసు. కానీ అతనికి ముందు అది నేర్పకు.

నా మొదటి పోస్టింగు సంగతి విను. చదువుకున్న చోట అన్నీ అమర్చి ఉండేవి. చేరిన ఊళ్లో మొదటి వారమే, రోగి బల్లమీద ఉండగా మైక్రోస్కోప్ బల్బు టప్పున పోయింది. దాన్నెలా మార్చాలో నాకెవరూ చూపించలేదు. వార్డుబాయ్ టార్చిలైటు పట్టుకుంటే ఎలాగో గట్టెక్కాను. ఆ పది నిమిషాలు ఇప్పటికీ కలలోకొస్తాయి.

అందుకే కుట్లు లేని చిన్న కోత ఆపరేషన్ అతనికి చెయ్యి తిరిగేదాకా నేర్పు. తెల్లగుడ్డులో ఆరేడు మిల్లీమీటర్ల సొరంగం, అందులోంచి శుక్లం మొత్తం బయటికి. ఫేకో మిషనూ అక్కర్లేదు, దాని విడిభాగాల కోసం పడిగాపులూ అక్కర్లేదు. బాగా ముదిరాక వచ్చే పేదల కళ్లకు అదే మేలు. మైక్రోస్కోప్ బల్బు కూడా అతని చేతే మార్పించు, నవ్వకు. వీలైతే అక్కణ్నుంచి ఒక థియేటర్ నర్సునీ రప్పించమను.

తిరిగి వెళ్లమని మాత్రం నీతులు చెప్పకు. మీ అన్నయ్య డల్లాస్‌లో ఉండగా మనకా హక్కు లేదు. గుళ్లపల్లి నాగేశ్వరరావు గారిలా అమెరికా వదిలొచ్చి 1987లో హైదరాబాదులో ఎల్‌వీ ప్రసాద్ ఆసుపత్రి పెట్టినవాళ్లు ఎందరని? ఘనా వాళ్లు 1960, 1980 మధ్య ప్రసూతి వైద్యం నేర్చుకోమని 30 మందిని విదేశాలకు పంపితే ముగ్గురే వెనక్కొచ్చారట. డబ్బు ఒక్కటే కారణమని నేననుకోను. నేర్చిన పనికి సొంతూళ్లో పనిముట్లు లేకపోతే ఎవరి కాళ్లు కదులుతాయి? తర్వాత 1989లో అక్రా, కుమాసీల్లోనే శిక్షణ మొదలుపెట్టారు. బ్రిటన్, అమెరికా గురువులే అక్కడికి వెళ్లి సాయపడ్డారు. అలా తయారైనవాళ్లు దాదాపు అందరూ దేశంలోనే నిలిచారు.

కాబట్టి అతను వెళ్లాక నువ్వూ ఒక రెండు వారాలు లైబీరియాలోని మన్రోవియాకు వెళ్లు. అతని థియేటర్లో, అతని లైటు కింద, పక్కన నిలబడు. కత్తి మాత్రం ముట్టుకోకు.

ఎల్లో ఫీవర్ టీకా ప్రయాణానికి కనీసం పది రోజుల ముందు వేయించుకోవాలి. మరిచిపోయేవు.

మీ పెదనాన్న