ఆకుపచ్చ నంబరు ప్లేటు చూసి అడిగే ప్రశ్న

హైదరాబాద్–విజయవాడ దారిలో ఎలక్ట్రిక్ కారు ఛార్జింగుకు ఆగితే, ఆకుపచ్చ నంబరు ప్లేటు చూసి ఎవరో ఒకరు దగ్గరికొస్తారు: "ఒక్క ఛార్జింగుకి ఎంత దూరం వస్తుందండీ? బ్యాటరీ మార్చాలంటే ఎంతవుతుంది?" ఇది కాలక్షేపం కాదు, లక్షలు పోసి కొనబోయే మనిషి చేసుకునే విచారణ. 2024 నవంబరులో తెలంగాణ ప్రభుత్వం ఈ కార్లకు రోడ్డు పన్ను మినహాయించింది. అయితే ధర మీది బెంగను రాయితీ తగ్గిస్తుందేమో గానీ, ఈ సందేహాన్ని తీర్చేది వాడుతున్నవాళ్ల మాటే.

రోజూ అవే ప్రశ్నలైతే విసుగు రాదా అంటారా? తొందరలో ఉంటే ఆ మాటే మర్యాదగా చెప్పవచ్చు. తీరిక ఉన్నప్పుడు మాత్రం ఉన్నదున్నట్టు చెప్పాలి: హైవే మీద వేగం పెంచితే కంపెనీ చెప్పినంత దూరం రాదనీ, 80 శాతం దాటాక ఫాస్ట్ ఛార్జింగు నెమ్మదిస్తుందనీ, ఇంట్లో ఛార్జింగు పెట్టుకుంటే పెట్రోలు కన్నా ఖర్చు బాగా తక్కువనీ. లోపం దాచనివారి మాటనే జనం నమ్ముతారు.