రికార్డు మీది గీత పారాయణమవుతుందా?

ఘంటసాల వేంకటేశ్వరరావు పాడిన భగవద్గీత రికార్డు తెలుగువారి భక్తిలోకి ఒక చిక్కు ప్రశ్నను తెచ్చింది. యంత్రం పలికిన శ్లోకాన్ని పారాయణం అనవచ్చా? ఆయన 1974 ఫిబ్రవరి 11న మద్రాసులో కన్నుమూశారు. చివరి రోజుల్లో పాడిన ఆ గీత హెచ్.ఎం.వి. ఎల్.పి. రికార్డుగా వచ్చి, క్యాసెట్టుగా, సీడీగా, పెన్‌డ్రైవుగా వేషం మార్చుకుంటూ ఇప్పటికీ మోగుతోంది. నరసరావుపేట, మాచర్ల, గురజాల వైపు పల్లెల్లో గుడి మైకులో వినిపించేదీ అదే, వైకుంఠ రథం మీద వీధి వెంట సాగేదీ అదే. దాని మీద అభిమానానికి లోటు లేదు. ఆ వినికిడికి ఎంత విలువ కట్టాలన్న దగ్గరే పేచీ.

గీతలో 700 శ్లోకాలు. తీరుబడిగా చదివితే పూర్తి పారాయణానికి దాదాపు మూడు గంటలు పడుతుంది. ఎల్.పి. ఒక్కో వైపున పట్టేది ఇరవై, ఇరవై అయిదు నిమిషాలు. అందుకని వందకు పైచిలుకు శ్లోకాలను ఏరి, రాగంలో పాడి, వెంటనే తెలుగు తాత్పర్యాన్ని వచనంలో చెప్పారు. ఏ శ్లోకం ఉండాలో, ఏది పోవాలో నిర్ణయించడంలో వేదాంతంతో పాటు ప్లాస్టిక్ పళ్లెం కొలత కూడా పాలుపంచుకుందన్నమాట. విజయనగరంలో పట్రాయని సీతారామశాస్త్రి దగ్గర శాస్త్రీయ సంగీతం నేర్చి, సినిమా పద్యానికి తనదైన నడక తెచ్చిన గాయకుడు కాబట్టి శ్లోకంలో మాట ఎక్కడ విరగాలో ఘంటసాలకు బాగా తెలుసు. పైగా అది టేపుల కాలం. పలుకు తేలిపోతే మళ్లీ పాడవచ్చు, బాగా వచ్చిన ముక్కను తెచ్చి అతకవచ్చు. దగ్గూ తడబాటూ లేని గీత అలా తయారైంది. ఇంట్లో తాతగారు కళ్లజోడు సర్దుకుంటూ, మధ్యలో మంచినీళ్లడుగుతూ చదివే గీత దీని ముందు వెలవెలబోయింది. తాతగారి గొంతు వినే ఓపిక ఇంటిల్లిపాదికీ తగ్గడానికి ఈ నునుపు కొంత కారణమే.

ఆక్షేపించేవారు మొదట పట్టుకునేది సంగీతాన్ని. పాణినీయ శిక్ష అధమ పాఠకులను ఆరుగురిని లెక్కపెడుతూ అందరికంటే ముందు పాటగా పాడి చదివేవాణ్ని పేర్కొంది. వేగంగా చదివేవాడు, తల ఊపేవాడు, రాసింది చూసి చదివేవాడు, అర్థం తెలియనివాడు, గొంతు లేనివాడు ఆ తర్వాతి వాళ్లు. చిత్రమేమిటంటే మంచి పాఠకుడి ఆరు గుణాల్లో ఆ శిక్షే మాధుర్యాన్ని మొట్టమొదట పెట్టింది. అక్షరం స్పష్టంగా పలకాలనీ, పదం విడివిడిగా తెలియాలనీ కూడా చెప్పింది. తీపి కావాలి గాని తీపే వంటకం కాకూడదని దాని భావం కావచ్చు. ఏమైనా ఆ కట్టుబాటు వేదపాఠానికి. గీత స్మృతి, అందులోనూ ఎక్కువ భాగం అనుష్టుప్పు. దానికి రాగమూ వాద్యమూ కూడవన్న మాటకు శిక్ష బలం చాలదు. అక్షరవ్యక్తి, పదచ్ఛేదం ప్రమాణమైతే ఘంటసాల చాలామంది పురోహితుల కన్నా పై మెట్టు మీదే ఉంటారు.

అదే దశాబ్దంలో అమెరికా జాజ్ అభిమానుల్లోనూ ఇలాంటి తగవే నడిచింది. అప్పటికప్పుడు పుట్టే మనోధర్మం జాజ్‌కు ప్రాణం. క్రీడ్ టేలర్ నడిపిన సీటీఐ సంస్థ రూడీ వాన్ గెల్డర్ స్టూడియోలో ఆ మనోధర్మాన్ని పట్టి, దాని వెనక వయొలిన్ల వంటి తీగవాద్యాలను తర్వాత చేర్చి, అద్దంలా నున్నని రికార్డులు తీసింది. కొందరు వాటికి చెవి కోసుకున్నారు, కొందరు మెరుగెక్కువై ప్రాణం తగ్గిందని ముఖం తిప్పుకున్నారు. అక్కడ తేలవలసింది అభిరుచి. ఇక్కడ దానికి పుణ్యం కూడా తోడైంది కాబట్టి ముడి బిగుసుకుంది.

ఈ ముడి విప్పడానికి మన దర్శనాల్లో పాత సరంజామా ఉంది. మీమాంసకుల లెక్కలో శబ్దం నిత్యం. నోరు దాన్ని పుట్టించదు, ఉన్నదాన్ని బయటపెడుతుంది. ఆ లెక్కన టేపూ ఒక నోరే అనవచ్చు. కానీ ఆ మీమాంసకులే వేదం గురుముఖంగా రావాలని పట్టుబట్టారు. రాతను చూసి నేర్చిన వేదాన్నే కుమారిల భట్టు ఒప్పుకోలేదంటే టేపును ఒప్పుకుంటాడని ఆశపడనక్కర్లేదు. నైయాయికులకు శబ్దం పుట్టి మరుక్షణం నశించేది. వారి దృష్టిలో స్పీకరు వినిపించే గీత ఘంటసాల పలికిన శబ్దం కాదు, దాని పోలికతో కొత్తగా పుట్టిన మరో శబ్దం. రెండు పక్షాలూ శబ్దం గురించే మాట్లాడాయి. పలికేవాడికి, వినేవాడికి ఏం జరుగుతుందన్నది ఇంకా మిగిలే ఉంది.

దానికి జవాబు భారతంలోనే దొరుకుతుంది, అదీ రెండు చోట్ల. మొదటిది భీష్మపర్వం. కృష్ణుడు అర్జునుడికి గీత చెప్పింది యుద్ధం మొదలయ్యే రోజున. ధృతరాష్ట్రుడు విన్నది అప్పుడు కాదు. పది రోజుల పోరు ముగిసి భీష్ముడు పడిపోయాక సంజయుడు రణరంగం నుంచి వచ్చి, ఆ వార్త చెప్పి, కథను మొదటికి తిప్పి వినిపిస్తాడు. లోకానికి అందిన గీత ఆ రెండో వినిపింపే. దూరం నుంచి, ఆలస్యంగా, మరొకరి నోట వచ్చినంత మాత్రాన గీత గీత కాకుండా పోదని దీన్నిబట్టి తెలుస్తోంది. చెప్పిన సంజయుడు ఆ సంవాదాన్ని తలచుకున్న కొద్దీ పులకించానంటాడు. విన్న రాజు మాత్రం చలించడు. ఒకే మాట, ఒకే గది, ఫలితం వేరు. పద్దెనిమిదో అధ్యాయం చివర అధ్యయనం చేసేవాడికీ, శ్రద్ధతో అసూయ లేకుండా వినేవాడికీ విడివిడిగా ఫలం చెప్పి ఉంది. చదవడం, వినడం రెండూ సాధనలే గాని ఒకటి కావన్న తేడా అక్కడే స్పష్టం. భాగవతం చెప్పిన నవవిధ భక్తుల్లోనూ శ్రవణానిదే మొదటి చోటు.

రెండోది అశ్వమేధ పర్వం. యుద్ధం ముగిశాక అర్జునుడు తీరిగ్గా కూర్చుని, అప్పుడు చెప్పింది మరిచిపోయాను, మళ్లీ చెప్పమంటాడు. కృష్ణుడు మందలిస్తాడు. ఆనాడు యోగయుక్తుడై చెప్పాననీ, దాన్ని ఉన్నదున్నట్టు మళ్లీ చెప్పడం సాధ్యం కాదనీ అంటాడు. బదులుగా చెప్పింది అనుగీత. సాక్షాత్తు చెప్పినవాడికే మళ్లీ కుదరని పలుకును రికార్డు మీట నొక్కగానే తెస్తుందనుకోవడం పెద్ద మాటే. సంజయుడి కథ రికార్డును సమర్థిస్తుంది, అర్జునుడి కథ దానికి హద్దు గీస్తుంది. ఈ రెండో కథను గీతాభిమానులు తక్కువగా తలచుకుంటారు.

ఆ హద్దు ఎక్కడుందో పల్నాటిలో కళ్లారా చూడవచ్చు. కారెంపూడి వీరుల గుడి దగ్గర కార్తీక అమావాస్యతో మొదలై అయిదు రోజులు వీరారాధన సాగుతుంది. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కళ్లిపాడు అన్నవి ఆ రోజుల పేర్లు. పన్నెండో శతాబ్దపు పల్నాటి యుద్ధ కథను వీరవిద్యావంతులు అక్కడ గానం చేస్తారు. 1970 దశకంలోనే జీన్ రోఘైర్ అనే అమెరికన్ పరిశోధకుడు అలిసెట్టి గాలెయ్య పాడిన వీరుల కథను టేపుకెక్కించాడు. ఆ గానానికి ఆంగ్లానువాదం, దానిపై పరిశీలన 1982లో ఆక్స్‌ఫర్డ్ నుంచి పుస్తకంగా వచ్చాయి. ఘంటసాల గీతా, గాలెయ్య కథా దాదాపు ఒకే కాలపు టేపులు. ఒకటి స్టూడియోలో మెరుగు దిద్దుకుంది, రెండోది దిద్దుబాటు కోసం పాడింది కాదు. పండితుడికి గాలెయ్య టేపు అమూల్యం. అయినా ఆ టేపు ఎంత నిక్కమైనదైనా కళ్లిపాడు నాడు విద్యావంతుడి చోట నిలబడలేదు. అక్కడ పాట వీరులకు చేసే కొలువు. కొలువుకు మనిషి కావాలి, ఆ మనిషికి ఆచారం కావాలి, ఎదురుగా పూనకం వచ్చే జనం కావాలి.

గీతా పారాయణమూ ఆ జాతిదే. నోరు తిరగక తప్పులు పోయినా, మనసు మధ్యలో పొలం మీదికి పోయినా, అది చదివేవాడు చేసిన పని. రికార్డు విన్నవాడికి దక్కేది శ్రవణం. శ్రద్ధతో వింటే అది తక్కువది కాదు. అక్షరం రాని ఎందరో పెద్దలకు గీతార్థం చేరింది ఆ తెలుగు తాత్పర్యం వల్లే. అయితే వంటింట్లో మిక్సీ తిరుగుతుండగా హాల్లో మోగే గీత శ్రవణం కూడా కాదు, చప్పుడు.

ఈ రికార్డుకు జరిగిన అసలు అన్యాయం మరొకటి. చావింట అది వేయడం అలవాటై, ఆ గొంతు ఎత్తుకోగానే ‘ఎవరు పోయారు?’ అని అడిగే స్థితి వచ్చింది. మామూలు రోజున ఇంట్లో వేస్తే అశుభమనేవారూ ఉన్నారు. ప్రాణం పోతున్నవారి చెవిన గీత చదవడం పాత సంప్రదాయం. వినే చెవి ఇంకా ఉండగా చేసేది అది. శవయాత్రలో మైకు పెట్టడం వేరే సంగతి. యుద్ధం చేయనని విల్లు వదిలేసిన మనిషిని లేపి పనిలో నిలబెట్టడానికి చెప్పిన గ్రంథం చావు కబురుగా మిగలడం గాయకుడి తప్పు కాదు, రాగం తప్పు అంతకన్నా కాదు. వైకుంఠ రథం మీద ఈ రికార్డు వేయమని ఏ గృహ్యసూత్రమూ చెప్పలేదు. 1974కు ముందు ఆ ఆచారం ఉండే వీలే లేదు.