పేరులేని పాటగాడూ, మన ఆనందమూ

కళను గురించి మనం చేసే చర్చల్లో ఆనందానికి చోటు తక్కువ. వస్తువేమిటి, రచయిత ఎవరి పక్షాన నిలబడ్డాడు, వర్గదృష్టి వున్నదా లేదా అని అడుగుతాం. అడగవలసినవే. కాని ఒక పాట విని సంతోషించినవాడు ఆ సంతోషానికి ఎవరికైనా బాకీ పడతాడా అన్న ప్రశ్న మన వ్యాసాల్లో అరుదుగా కనిపిస్తుంది. పాడినవాడు పేరుప్రఖ్యాతులు లేనివాడై, శ్రోత కాస్త గర్వంగా "ఇతన్ని నేను కనుగొన్నాను" అని చెప్పుకునేవాడైతే ప్రశ్న మరింత చిక్కుపడుతుంది. ఆ చిక్కును విప్పగలనని హామీ ఇవ్వను గాని, ముడి ఎక్కడ పడిందో చూపించాలని నా ప్రయత్నం.

నేను తెలుగు సాహిత్యం చదువుకున్నవాణ్ణి. నూజివీడు మామిడితోటల నడుమ కళాశాలలో పాఠం చెప్పుకునేవాణ్ణి. అమెరికా వాళ్ల బ్లూస్‌కూ, కంట్రీకీ, రాక్‌కూ నీకూ ఏమిటి చుట్టరికం అని మిత్రులు వేళాకోళం చేస్తారు. చుట్టరికం ఏమీ లేదు, చెవులున్నాయి, అంతే. జగమెరిగిన వాళ్ల పాటలకన్నా, వాళ్ల వెనక నీడలో మిగిలిపోయిన వాళ్ల పాటలు కొన్నేళ్లుగా నన్ను పట్టుకున్నాయి. వాటిలో మొదటిది మిసిసిపీ జాన్ హర్ట్ గొంతు. బొటనవేలు తీగల మీద అడుగు తప్పకుండా దరువు వేస్తూంటే మిగతా వేళ్లు పాట వరుసను పలికిస్తాయి. గొంతు మాత్రం పైకి లేవదు. అరుగు మీద కూర్చున్న మనిషి పక్కవాడితో మాట్లాడుతున్నట్టు వుంటుంది. మన ఊళ్లలో ఏకతార పట్టుకుని తత్వాలు పాడే ముసలివాళ్ల గొంతులో ఒక తొందరలేనితనం వుంటుంది చూశారా, అది ఇక్కడా వుంది. భాష సగమే అర్థమైనా ఆ తొందరలేనితనం పూర్తిగా అర్థమవుతుంది.

ఈ హర్ట్ మిసిసిపీ రాష్ట్రంలో ఆవలాన్ అనే పల్లెవాడు, పొలం పనుల మీద బతికినవాడు. 1928లో ఓకే కంపెనీ ఆయన చేత మెంఫిస్‌లోనూ న్యూయార్కులోనూ కొన్ని పాటలు పాడించి రికార్డు చేసింది. మరుసటి ఏడు ఆర్థిక సంక్షోభం వచ్చిపడింది. రికార్డులు కొనేవాడు లేడు, పాటగాడిని మళ్లీ పిలిచినవాడూ లేడు. ముప్ఫై అయిదేళ్లు గడిచాయి. 1963లో టామ్ హాస్కిన్స్ అనే యువకుడు పాత రికార్డులోని ఊరిపేరును ఆధారం చేసుకుని వెతుక్కుంటూ వెళితే, డెబ్భయ్యేళ్లు పైబడిన హర్ట్ ఆ ఊళ్లోనే వున్నాడు. వచ్చినవాణ్ణి చూసి ప్రభుత్వ పోలీసు మనిషేమో అనుకున్నాడని చెబుతారు. వింత లేదు. నల్లజాతి ఉద్యమనాయకుడు మెడ్గర్ ఎవర్స్‌ను ఆ 1963లోనే, ఆ మిసిసిపీలోనే, ఆయన ఇంటిముందే కాల్చి చంపారు. అటువంటి చోట తెల్లవాడొకడు పేరు అడుక్కుంటూ గుమ్మంలోకి వస్తే ముసలివాడు కళాపోషకుడు వచ్చాడనుకుంటాడా? ఆ ఏడే ఆయన న్యూపోర్టు ఉత్సవంలో వేలమంది ముందు పాడాడు. 1966లో చనిపోయాడు. పేరు దక్కిన కాలం మూడేళ్లు.

దీన్ని గ్రంథాల్లో "హర్టును తిరిగి కనుగొనడం" అంటారు. ఈ మాట దగ్గర నేను ఆగిపోతాను. ఆవలాన్ వాళ్లకు ఆయన ఎప్పుడు తప్పిపోయాడు? ఊళ్లో ఆయన పాటగాడని వాళ్లకు తెలుసు. తప్పిపోయింది బజారుకు. బజారుకు కనిపించనిది లోకంలో లేనట్టేననీ, బజారు మళ్లీ చూసిన రోజే అది పుట్టినట్టనీ ఆ మాటలో అంతరార్థం. కొలంబస్ అమెరికాను "కనుగొన్నాడు" అని మన పిల్లలు బడిలో వల్లెవేసిన వాక్యానికి ఇది వరసకు తమ్ముడు.

అజ్ఞాతం అనేది ఆకాశం నుంచి ఊడిపడదు. దాన్ని తయారుచేసే పద్ధతులున్నాయి. 1920లో మేమీ స్మిత్ పాడిన బ్లూస్ రికార్డు బాగా అమ్ముడుపోయాక, నల్లవాళ్ల పాటలకూ గిరాకీ వుందని కంపెనీలకు తెలిసింది. తెలిసి ఏం చేశాయి? వాటిని "జాతి రికార్డులు" అని విడిగా జాబితా కట్టాయి. తెల్ల పల్లెవాళ్ల పాటలకు "హిల్‌బిల్లీ" అని మరో జాబితా. ఒకే కొండ కింద, ఒకే కరువులో, ఒకరి వరుసలు ఒకరు నేర్చుకుంటూ పాడినవాళ్లను కాగితం మీద రెండు జాతుల సంగీతంగా చీల్చారు. డబ్బు సంగతి మరీ సులువు: చాలామందికి పాటకు ఇంత అని చేతిలో పెట్టి, హక్కులు కంపెనీయో మధ్యవర్తో రాయించుకునేవాళ్లు.

మా ప్రాంతపు రైతుకు ఈ సంగతి విడమరచి చెప్పనక్కరలేదు. తోట పూత మీద వుండగానో పిందె మీద వుండగానో షావుకారు వచ్చి మొత్తం కాపుకు బేరం పెడతాడు. అప్పులో వున్న రైతు ఒప్పుకుంటాడు. ఆ తరువాత రసాలు విరగకాసినా, ధర రెట్టింపైనా, లాభం కొన్నవాడిది. (గాలివాన వస్తే నష్టం కూడా నాదే గదా అంటాడు షావుకారు. రికార్డు కంపెనీవాడు కూడా ఇదే అన్నాడు.) అయితే రైతుకు చెట్టు మిగులుతుంది, పై ఏడు మళ్లీ కాస్తుంది. పాటగాడు అమ్ముకున్నది కాపును కాదు, చెట్టునే.

చెట్టును అమ్మే అవకాశం కూడా దొరకని మనిషి లెస్లీ రిడిల్. సిమెంటు ఫ్యాక్టరీ ప్రమాదంలో కాలు పోగొట్టుకున్న నల్లజాతి యువకుడు, మంచి గిటారు వాద్యగాడు. కంట్రీ సంగీతానికి మూలపురుషులని చెప్పే కార్టర్ కుటుంబం 1927లో మొదటి రికార్డులు చేసింది. కొత్త పాటలు కావలసి, ఆ కుటుంబ పెద్ద ఏ.పి. కార్టర్ కొండపల్లెల వెంట తిరిగి సేకరించేవాడు. అతను మాటలు రాసుకునేవాడు, వెంట వున్న రిడిల్ వరుసను జ్ఞాపకంలో పెట్టుకుని ఇంటికి తెచ్చేవాడు. పాటల మీద పడిన పేరు కార్టర్‌ది. 1965లో మైక్ సీగర్ అనే గాయకుడు వెతికి పట్టుకునేసరికి రిడిల్ సంగీతాన్ని వదిలిపెట్టి చాలాకాలమైంది. ఒక కంట్రీ పాట విని తలూపుతున్నప్పుడు నా చెవికి చేరేది ఎవరి జ్ఞాపకం? ఈ ప్రశ్న పాట రుచిని చెడగొట్టదు. నా అనుభవంలో పెంచింది.

ఇదంతా పెట్టుబడిదారీ దేశపు పాపమని తేల్చి మనం చేతులు కడుక్కోవచ్చు. అంత తేలిక కాదు. "బండెనక బండి కట్టి" పాటను 1979 నాటి "మా భూమి" చిత్రం తరువాత పుట్టినవాడిని అడగండి, గద్దర్ పాట అంటాడు. తెలంగాణ సాయుధ పోరాటంలో దాన్ని కట్టినవాడు బండి యాదగిరి. గద్దర్ దాన్ని దొంగిలించలేదు, ఊరూరికీ మోశాడు, అది నిజం. అయినా కట్టినవాడి పేరు మోతలో జారిపోయింది. బుర్రకథ సంగతి చూడండి. జంగాలు తరతరాలుగా చెప్పుకుంటూ వచ్చిన కథారూపం అది. 1943లో పుట్టిన ప్రజానాట్యమండలి దాన్ని చేతికి తీసుకుని, ప్రజా సమస్యలు పలికించి, కొత్త ప్రాణం పోసింది. నాజర్ వంటి మహాకళాకారుణ్ణి లోకానికి చూపించింది. 1986లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. ఇవి మనం గర్వించదగినవి. కాని ఆ రూపాన్ని కాపాడి అందించిన జంగం కుటుంబాల్లో ఒక్క కథకుడి పేరు మన సాహిత్య చరిత్రల్లో ఎంతమంది విద్యార్థులు చెప్పగలరు? బిరుదురాజు రామరాజు గారి వంటి వారి పరిశోధన లేకపోతే జానపద గేయసాహిత్యం గురించి నేను తరగతిలో చెప్పే దాంట్లో సగం వుండదు. అంత కృషి జరిగాక కూడా మన పాఠాల్లో "కర్త అజ్ఞాతుడు" అన్న మాట ఎంత నిశ్చింతగా నిలబడి వుందో! ఎవరికి అజ్ఞాతుడు? పక్క వీధివాడికి తెలుసు.

ఇక రెండో వైపు. అజ్ఞాతుల మీది ఇష్టం తానే ఒక జబ్బుగా మారే అవకాశం వుంది. ఎవరూ విననిదాన్ని నేను వింటున్నానన్న సంతోషంలో పాట పాలెంత, "ఎవరూ" అన్న మాట పాలెంత? అరుదైన దానికి ధర ఎక్కువ అన్నది బజారు సూత్రం. అదే సూత్రాన్ని అభిరుచిలోకి తెచ్చుకుని, పదిమందికి నచ్చగానే ఆ పాట చవకబారైపోయిందని ముఖం చిట్లించేవాడు బజారును ధిక్కరించడం లేదు, దాని గుమాస్తాగిరీ చేస్తున్నాడు. నేడు ఈ గుమాస్తాగిరీని కూడా యంత్రానికి అప్పగించారు. సెల్‌ఫోనులో ఒక పాట వింటే, మీకు ఇంకెవరికీ తెలియని పాటగాళ్లు వీరు అని మరో పది పేర్లు పట్టుకొస్తుంది. ఏకాంతంలో దొరికిందనుకున్న ముత్యం లక్షమందికి అదే నిమిషంలో దొరుకుతుంది. ఇందులో నవ్వు రాకపోతే మనిషి కాడు.

అంతకన్నా హానికరమైనది మరొకటి. మనం కనుగొన్నవాడు మనం కనుగొన్నట్టే వుండాలని కోరడం. బిగ్ బిల్ బ్రూన్జీ షికాగో నగరంలో స్థిరపడి ఎన్నో రికార్డులిచ్చిన నాగరిక సంగీతకారుడు. 1938లో కార్నెగీ హాలులో ఆయన్ని పొలం దున్నుకునే పల్లెటూరివాడుగా పరిచయం చేశారు. ప్రేక్షకులకు కావలసింది ఆ బొమ్మ. ఆయన ఆ బొమ్మను చాలాకాలం మోశాడు, కూటి కోసం. మడ్డీ వాటర్స్ 1958లో ఇంగ్లండుకు విద్యుత్ గిటారు పట్టుకెళితే, ఇదేం బ్లూస్ అని నొచ్చుకున్న పెద్దమనుషులున్నారు. పత్తిచేల నుంచి పారిపోయి నగరం చేరినవాడు నగరపు శబ్దం చేయకూడదట!

మన దగ్గర ఇటువంటిది లేదనుకోవద్దు. దర్శనం మొగులయ్య పన్నెండు మెట్ల కిన్నెర వాయించే కళాకారుడు. 2021లో ఒక సినిమా పాటతో ఆయన గొంతు ఇంటింటా మోగింది. 2022లో పద్మశ్రీ వచ్చింది. 2024లో ఆయన హైదరాబాదు శివార్లలో కూలిపనికి పోతున్నాడని పత్రికలు రాశాయి. ఆ వార్త చదివి మనం నొచ్చుకున్నాం. ఎందుకు నొచ్చుకున్నామో తరచి చూడాలి. కూలి చేయడం అవమానమనా? అంతకుముందు ఆయన ఊళ్లు తిరిగి అడుక్కున్న రోజుల్లో ఈ బాధ మనకెందుకు కలగలేదు? తలపాగా, కిన్నెర, నెమలీకలు కలిసిన చిత్రం మనకు ఇష్టం. ఆ చిత్రంలో తట్టా పారా ఇమడవు. మనిషి కన్నా చిత్రం మీద మమకారం ఎక్కువైన చోట, చూపించే జాలి అతనికి అన్నం పెట్టదు.

ఇలా అంటే కొందరు మిత్రులు వెంటనే అందుకుంటారు: "అయితే ఆ అమెరికా పాటలెందుకు? సారా, రైలుబండి, విడిచిపోయిన ఆడది – వీటిలో చైతన్యమేది?" ఈ వాదం నాకు నచ్చదు. పన్నెండు గంటలు పత్తి తీసినవాడు శనివారం రాత్రి తన సరదా కోసం, తన దుఃఖం కోసం పాడుకున్నది, యజమానికి చెందని కొద్ది గంటల ఉత్పత్తి. అందులో నినాదం లేదని తీసిపారేసేవాడు, ఆ మనిషికి శ్రమ తప్ప మరేదీ వుండకూడదని చెప్పే భూస్వామితో తెలియకుండానే ఏకీభవిస్తున్నాడు. పాట విని ఆనందించడం తప్పు కాదు, క్షమాపణ చెప్పుకోవలసిన పని అంతకన్నా కాదు. ఆనందం కలిగినందువల్లనే గదా బాకీ ప్రశ్న పుట్టింది. రుచించని పాటకు ఎవరూ ఋణపడరు.

బాకీ ఎలా తీరుతుంది? డబ్బు సంగతి సంఘాలూ చట్టాలూ చూడాలి. శ్రోత చేతిలో వున్నది పేరు చెప్పడం. నూజివీడు వీణ పేరు సంగీతం తెలిసినవాళ్లందరికీ తెలుసు. పనసచెక్కను తొలిచి దానికి నాదం తెచ్చిన పనివాడి పేరు కచేరీ వేదిక మీద నేనెప్పుడూ వినలేదు. పేరు చెప్పాలి. ఇంతవరకు నాకు సందేహం లేదు.

సందేహం మరో చోట వచ్చింది. కిందటి వేసవి సెలవులకు ముందు మా విద్యార్థుల చేత తోటపనుల పాటలు సేకరింపజేశాను. పాడినవారి పేరు, ఊరు తప్పక రాయాలని నియమం పెట్టాను. అగిరిపల్లి వైపు నుంచి వచ్చే ఒక అమ్మాయి వాళ్ల నాయనమ్మ పాడిన ఆరు పాటలు చక్కగా రాసుకొచ్చింది. పేరు రాయవలసిన చోటు ఖాళీగా వుంది. అడిగితే, "మామ్మ రాయనివ్వలేదు సార్" అంది. "నా పేరెందుకే, మా అమ్మ పాడింది, ఆవిడకి వాళ్లత్త నేర్పింది. నాదని రాస్తే వాళ్లేమైపోతారు?" అందట ఆ ముసలమ్మ.

పేరు అనేది సొంత ఆస్తి పత్రమే అయితే ఆమె మాట సరి. పదిమంది గొంతులు మోసుకొచ్చిన దానికి ఒక్కరి పేరున పట్టా ఇవ్వడం రికార్డు కంపెనీ కార్టర్ పేరు వేసిన పద్ధతికి దగ్గరగానే వుంటుంది. కాని పేరు రాయకపోతే రేపు ఆ పాటను ఎవడో సినిమాకి అమ్ముకుని తన పేరు వేసుకుంటాడు. అప్పుడు ఆమె అత్తగారి అత్త కూడా గంగలో కలుస్తుంది. ఆమెది ఉమ్మడి ఆస్తి న్యాయం, బయట నడుస్తున్నది ప్రైవేటు ఆస్తి న్యాయం. మొదటి న్యాయంలో బతికేవాళ్లను రెండో న్యాయం నుంచి కాపాడటానికి రెండో న్యాయపు పత్రాన్నే వాడవలసిరావడం ఎంత ఇరకాటమో చూడండి.

ఆ అమ్మాయీ నేనూ కూర్చుని చివరకు ఇలా రాశాం: నాయనమ్మ పేరు, ఆమెకు నేర్పిన తల్లి పేరు, ఆ తల్లికి నేర్పిన అత్త పేరు. ఆ అత్త ఎవరి దగ్గర నేర్చుకున్నదో కనుక్కురమ్మని అమ్మాయిని పంపించాను. అడిగి వచ్చింది. ముసురుపట్టిన రోజుల్లో కాయ కోతకు వచ్చే కూలి బృందంలో ఎవరో ఒకామె నేర్పిందట. ఏ ఊరిదో తెలియదట.