ఫలము కనబడని ప్రయాసము వ్యర్థమా?

ధ్యాన భాగములు: యిర్మీయా 36వ అధ్యాయము; 1 కొరింథీయులకు 15:58

పంట చేతికి వచ్చినప్పుడు రైతు పడిన కష్టమునుగూర్చి ఎవరును ప్రశ్నింపరు. పంట రానప్పుడే ప్రశ్న పుట్టును. "ఇన్ని ఏండ్లు పాటుపడితివే, ఏమి మిగిలినది?" అని ఇరుగుపొరుగువారు అడుగుదురు. వారు అడుగక మునుపే మన మనస్సు మనలను అడుగును. ఇది దేవుడు మనకప్పగించిన పనియేనా, లేక మన మొండితనమా? ఈ ప్రశ్నను పిల్లలకొరకు కల్పిత కథలు వ్రాసిన ఒక క్రైస్తవ స్త్రీ జీవితము నెదుట నుంచుకొని ఈ నెల ఆలోచింతము.

మడెలిన్ లెంగిల్ 1918 నవంబరు 29న అమెరికాలోని న్యూయార్కు నగరమున పుట్టెను. ఆమె మొదటి నవల 1945లో అచ్చుపడెను. మరుసటి సంవత్సరము హ్యూ ఫ్రాంక్లిన్ అను నాటక నటుని వివాహమాడెను. తరువాత ఆ దంపతులు కనెక్టికట్ రాష్ట్రములోని గోషెన్ అను పల్లెలో కాపురముండి, సరకుల కొట్టు నడుపుచు పిల్లలను పెంచిరి. ఆ ఊరి సంఘములో పాటల బృందమును ఆమెయే నడిపించెను. పిల్లలు నిద్రపోయిన తరువాత రాత్రివేళ వ్రాసికొనుచుండెను. ఆ కాలములో ఒకటి రెండు పుస్తకములు వెలువడినను, ప్రచురణకర్తలకు పంపిన వ్రాతప్రతులలో అనేకము తిరిగి ఇంటికే వచ్చెను.

1958లో ఆమెకు నలువది ఏండ్లు నిండిన దినముననే మరియొక వ్రాతప్రతి తిరిగి వచ్చెను. ఇంటికి ఒక డాలరైనను తేని పనికి ఇన్ని గంటలు వెచ్చించుచున్నానని ఆమె మనస్సాక్షి ఆమెను చాలకాలముగా గద్దించుచుండెను. కావున ఇక వ్రాయనని తీర్మానించుకొని టైపు మిషనుమీద ముసుగు కప్పి, గదిలో అటునిటు తిరుగుచు ఏడ్చెను. అట్లు ఏడ్చుచుండగానే ఓటమినిగూర్చిన ఒక నవల తన మనస్సులో అల్లుకొనుచున్నదని ఆమెకు తెలిసెను! అచ్చుకాకపోయినను తాను వ్రాయక మానలేనని గ్రహించి ఆ ముసుగు తీసివేసెను. ఈ సంగతి ఆమెయే 1972లో ప్రచురించిన తన జ్ఞాపకముల పుస్తకములో చెప్పియున్నది.

తరువాత ఆమె వ్రాసినదే 'ఎ రింకిల్ ఇన్ టైమ్' అను కథ. మెగ్ అను బాలిక, ఆమె చిన్న తమ్ముడు, వారి స్నేహితుడు కలిసి, దూరపు లోకములో చెరపట్టబడిన తండ్రిని వెదకబోవుదురు. అక్కడ చీకటిశక్తికి చిక్కిన తమ్ముని, మెగ్ బలముతోనైనను తెలివితోనైనను విడిపింపలేదు, ప్రేమించుటచేతనే విడిపించును. ఈ కథను కనీసము 26 మంది ప్రచురణకర్తలు త్రిప్పి పంపిరి. ఇది పిల్లలకా పెద్దలకా తెలియుటలేదని కొందరనిరి. కడకు ఆమె విసిగి ఆ ప్రతిని వెనుకకు తెప్పించుకొనెను. పిమ్మట తల్లిగారి స్నేహితురాలొకరు జాన్ ఫారర్ అను ప్రచురణకర్తను చూడుమని పట్టుబట్టగా, ఆయన సంస్థవారు 1962లో దానిని అచ్చువేసిరి. 1963లో, పిల్లల పుస్తకములకు అమెరికా గ్రంథాలయ సంఘమువారిచ్చు న్యూబెరీ పతకము దానికి లభించెను.

అనేకులు కథను ఇక్కడ ఆపి, "పట్టు విడువకుము, జయము నీదే" అని బోధింతురు. మేము ఇక్కడ ఆపజాలము. ఆ స్నేహితురాలు పట్టుబట్టకయే యుండినయెడల ఏమి? ఆ వ్రాతప్రతి పెట్టెలోనే పడియుండి చెదలు తినినయెడల, ఆమె రాత్రులు మేలుకొని చేసిన పని వ్యర్థమగునా? పతకమువలననే ఆ పని దేవుని పని ఆయెనని మనము చెప్పినయెడల, దేవుని తీర్పును అంగడివారి చేతికి అప్పగించినవారమగుదుము.

యిర్మీయా సంగతి చూడుడి. ఆయన చెప్పగా బారూకు వ్రాసిన గ్రంథపు చుట్టను రాజు చాకుతో కోసి, నిప్పులో వేసి కాల్చెను. ప్రవక్త మరియొక చుట్ట తీసికొని ఆ మాటలన్నియు తిరిగి వ్రాయించెను, మరికొన్ని చేర్చెను. దానివలన రాజు మారలేదు, పట్టణము కూలక నిలువలేదు. అయినను ఆ రెండవ వ్రాత వ్యర్థమని మనలో ఎవరనగలరు?

ఇంతమాత్రముచేత ప్రతి మొండితనమును పిలుపు అనరాదు. ఇంటిలో పిల్లలు పస్తులుండగా, "ఇది నా పిలుపు" అని తన ఇష్టమునే నెరవేర్చుకొనువాడు తన్ను తాను మోసగించుకొనుచున్నాడు. కావున మనలను మనము రెండు ప్రశ్నలడుగవలెను. ఈ పని ఎవరి మేలుకొరకు? దీని భారము ఎవరి భుజములమీద పడుచున్నది? లెంగిల్ కొట్టును, బిడ్డలను, సంఘమును విడిచిపెట్టి వ్రాయలేదు. తన నిద్రను ఇచ్చి వ్రాసెను. అయినను తన గృహమునకు న్యాయము చేయుచున్నానా అని బాధపడుట మానలేదు. ఆ బాధ పనికి శత్రువు కాదు. అది పనిని శుద్ధిచేయు అగ్ని.

మెప్పు వచ్చిన తరువాతను త్రోసివేత తప్పలేదు. ఆమె కథలో చీకటితో పోరాడినవారి వరుసలో మన ప్రభువు నామమును ఇతర జ్ఞానుల పేర్లతో కలిపి చెప్పెనని కొందరు క్రైస్తవులు నొచ్చుకొనిరి. కథలోని ముగ్గురు వింత స్త్రీలను మంత్రగత్తెలనిరి. ఆ పుస్తకమును పాఠశాలలనుండి తీసివేయుడని కోరినవారును కలరు. ఆ అభ్యంతరములన్నియు నిరాధారములని మేమనము. విశ్వాసులు ఆలోచింపదగినవి వాటిలో కలవు. ఆమె మాత్రము వ్రాయుచునే యుండెను. న్యూయార్కులోని సెయింట్ జాన్ కతీడ్రల్ గ్రంథాలయములో అనేక సంవత్సరములు జీతములేక పనిచేసెను. 1986లో నోవహు దినములనుగూర్చి ఒక కథ ప్రచురించెను. 2007 సెప్టెంబరు 6న మరణించెను.

మన గ్రామ సంఘములలో పతకమెరుగని పనివారు ఎందరో కలరు. ఇరువది ఏండ్లు ఆదివారపు బడి నడిపి, తన పిల్లలలో ఎవరు నిలిచిరో ఎవరు తప్పిపోయిరో తెలియని ఉపాధ్యాయురాలు కలదు. ప్రతి శనివారము గుడి ఊడ్చి దీపము తుడుచు ముసలితల్లి కలదు. వారి ఇరువది ఏడవ తలుపు తెరువబడునని మేము మాట ఇయ్యలేము. ప్రభువునందు వారి ప్రయాసము వ్యర్థము కాదని పౌలు వ్రాసినప్పుడు, దాని ఫలమును మనము కన్నులార చూతుమని వ్రాయలేదు. కావున సహోదరీ సహోదరులారా, ఈ వారము అట్టి పనివాని నొకని ఇంటికి వెళ్లుడి. "ఏమి మిగిలినది?" అని అడుగకుడి. ఆయన ప్రక్కను కూర్చుండి, ఆ పనిలో కొంత మీ చేతికి తీసికొనుడి.