బూడిద పాకే, మరి హాని?

భువనగిరి గుట్ట కింది వాడల్లో ఒకప్పుడు పొయ్యిలోని బూడిదను ఎవరూ పారేసేవారు కాదు. కట్టెలు, పిడకలు కాలగా మిగిలిన బూడిదతో గిన్నెలు తోమేవారు, మిగిలింది పాదులకు వేసేవారు. పేడ అశుద్ధం కదా, దాని బూడిదతో తోమిన గిన్నెలో ఎలా తింటామన్న సందేహం పూర్వం ధర్మవేత్తలకూ వచ్చింది. ఒక వస్తువు కాలి దాని స్వభావమే మారిపోతే అది ఇక పాత వస్తువు కాదు, కాబట్టి ఆ బూడిద పాకేనన్నారు ఇమామ్ ముహమ్మద్ (రహ్మలై). హనఫీల ఫత్వా దాని మీదే ఉంది. షాఫయీలు దీన్ని అంగీకరించలేదు.

ఇక్కడే ఒక పొరపాటుకు ఆస్కారముంది. పాక్ అన్నంత మాత్రాన హాని లేదని అర్థం కాదు. పేడ విషయంలో అగ్ని మాలిన్యాన్ని మార్చేస్తుంది. ప్లాస్టిక్ చెత్త విషయంలో అదే అగ్ని, అంతకు ముందు లేని విషాన్ని పుట్టిస్తుంది. క్లోరిన్ ఉన్న చెత్త కాలితే డయాక్సిన్లు, ఫ్యూరాన్లు తయారవుతాయి. కొలిమిలో 850 డిగ్రీలకు పైన రెండు సెకన్లు ఉంచితే అవి చాలావరకు నశిస్తాయి. కాని పొగ చల్లారుతూ 450, 200 డిగ్రీల మధ్యకు వచ్చేసరికి బూడిద రేణువుల మీద మళ్ళీ పుడతాయి. అందుకే పొగను ఎంత బాగా వడగడితే, వడపోతలో మిగిలే సన్నని బూడిద అంత విషపూరితం! గాలిని కాపాడామని సంతోషించేలోగా విషం నేలకు చేరుతుంది. మనిషి కొవ్వులో చేరిన డయాక్సిన్ సగానికి తగ్గడానికి 7 నుండి 11 ఏళ్ళు పడుతుంది. ఇలాంటి విషాల అదుపు కోసం 2001లో స్టాక్‌హోం ఒప్పందం కుదిరింది. 2006లో మన దేశం దాన్ని ఆమోదించింది.

ఇంగ్లండులోని న్యూకాజిల్‌లో 1994 నుండి 1999 వరకు బైకర్ ఇన్సినరేటర్ బూడిదను కూరగాయల తోటల బాటల మీద పరిచారు. అది దాదాపు రెండు వేల టన్నులు. తర్వాత ఆ తోటల్లో తిరిగే కోళ్ళ గుడ్లలో డయాక్సిన్లు బయటపడ్డాయి. ఆ గుడ్లు, కోళ్ళు తినవద్దని ప్రజలను హెచ్చరించారు.

పరిచినవారి సంకల్పం చెడ్డది కాదనే అనుకుందాం. ఆచరణలకు ప్రతిఫలం సంకల్పాన్ని బట్టి ఉంటుందన్నది మనకు తెలిసిందే. అయితే అనుమతి లేకుండా నలుగురు నడిచే బాటలో బావి తవ్వినవాడు, అందులో ఎవరైనా పడితే, నా ఉద్దేశం మంచిదేనని తప్పించుకోలేడు. పరిహారం చెల్లించవలసిందే. దైవం దగ్గర లెక్క వేరు, పొరుగువాడి హక్కు లెక్క వేరు.

హైదరాబాద్ చెత్తతో జవహర్‌నగర్‌లో 2020 నుండి విద్యుత్తు తయారవుతోంది. మన బీబీనగర్ మండలంలోనూ 11 మెగావాట్ల ప్రాజెక్టు తలపెట్టారు. దీపం ఒకరింట్లో వెలిగితే బూడిద మరొకరి ఊరికి చేరుతుంది. ఆ బూడిద ఎక్కడ పూడుస్తున్నారు, దాన్ని ఎవరు పరీక్షిస్తున్నారు అని అడగడం ఆ ఊరివారి హక్కు. అడిగేవారికి తోడుగా నిలవడం దీపం వెలిగించుకున్నవారి బాధ్యత అని నా అభిప్రాయం.

నగరాన్నే అనడమెందుకు? మా పెరట్లోనూ ఏళ్ళ తరబడి కవర్లు, పాత చెప్పులు పోగేసి కాల్చేవాళ్ళం. మా కోళ్ళు ఆ బూడిదలోనే పొర్లాడేవి. వాటి గుడ్లు పక్కింటి పిల్లలకూ పంపేవాళ్ళం.