విధవరాలి వ్యాజ్యెము

ధ్యాన భాగములు: సంఖ్యాకాండము 27:1–11, లూకా 18:1–8



కొన్నేండ్ల క్రిందట ఆరాధన ముగిసిన తరువాత మా సంఘములోని ఒక విధవరాలు మా యొద్దకు వచ్చి, "అయ్యగారూ, మా ఆయన పేరిట ఉన్న ఎకరం చేను మా మరిది దున్నుకుంటున్నాడు. కోర్టుకు పోతే పాపమా అండీ?" అని అడిగినది. మేము 1 కొరింథీ 6వ అధ్యాయము చదివి, ఓర్చుకొనుమని చెప్పి, ప్రార్థించి పంపివేసితిమి. ఆ యేడు ఆమె కూలికి పోవుచు, తన చేని గట్టు మీదుగానే నడచి వెళ్లుట చూచితిమి. ఆ నడక మమ్ములను బహుగా కలవరపెట్టినది.

మేము చదివిన వాక్యము సత్యమే గాని, దానిలో సగమే బోధించితిమి. సహోదరుల తగవు తీర్చగల వివేకి సంఘములో ఒక్కడైనను లేడా అని పౌలు ఆ అధ్యాయములోనే అడుగుచున్నాడు. ఆ మరిదియు మన సంఘస్థుడే. అన్యాయము చేసినవానితో ఒక్క మాటయు అనక, అన్యాయము పొందినదానికి మాత్రము ఓర్పు నేర్పితిమి. ఎవడైనను తన హక్కును తాను వదలుకొనవచ్చును; ఇతరుల హక్కును, వారి పిల్లల కూటిని వదలుమనుటకు మనమెవరము? పౌలు సహితము కైసరునెదుట చెప్పుకొందునని కోరెను గదా (అపొ. కార్య. 25).

సెలోపెహాదు కుమార్తెలు అయిదుగురు మోషే యెదుట నిలిచి తండ్రి స్వాస్థ్యమును అడిగిరి. వారిని అత్యాశపరులని ఎవరును నిందింపలేదు. మోషే వారి వ్యాజ్యెమును దేవుని సన్నిధికి తెచ్చెను; దేవుడు వారి మాట న్యాయమని తీర్చెను. వారికి ప్లీడరు ఫీజు లేదు, స్టాంపు ఖర్చు లేదు. నేటి బీదరాలికి ఆ ఖర్చే గోడవలె అడ్డము నిలుచుచున్నది.

ఆ గోడలో మన దేశము ఒక ద్వారము తెరచినది. 1976లో 42వ సవరణ ద్వారా రాజ్యాంగములో 39-ఎ అధికరణము చేర్చబడెను. 1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టము 1995 నవంబరు 9న అమలులోనికి వచ్చెను. స్త్రీలకు, పిల్లలకు, షెడ్యూల్డు కులముల, తెగలవారికి, వికలాంగులకు ఆదాయముతో నిమిత్తము లేకుండ ప్రభుత్వ ఖర్చుతో న్యాయవాదిని ఇత్తురు. ఇతర బీదలకు ఆదాయ పరిమితిని బట్టి ఇత్తురు. భూమి తగవు, మనోవర్తి వంటి సివిలు వ్యాజ్యెములకును ఇది చెల్లును. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వును బట్టి మనవారిలో బి.సి.-సి. పత్రము గలవారు షెడ్యూల్డు కులముల తరగతిలో చేరరు. అయినను స్త్రీయైన చాలును. పురుషుడు తన ఆదాయమును బట్టి అడుగవచ్చును. ఉభయులును సమ్మతించిన యెడల లోక్ అదాలత్‌లో రాజీపడవచ్చును. ఆ తీర్పు సివిలు కోర్టు డిక్రీతో సమానము. దానిపై అప్పీలు లేదు గనుక బాగుగా ఆలోచించి వ్రేలిముద్ర వేయవలెను.

ఇది బిచ్చమా? కాదు. రూతు ఏరుకొనిన పరిగె బోయజు దయ మాత్రమే కాదు, పొలము అంచులను బీదలకు విడువవలెనని ధర్మశాస్త్రమే విధించెను (లేవీ. 19). సబ్బు బిళ్ల కొనిన కూలివాడును ప్రభుత్వమునకు పన్ను కట్టుచునే యున్నాడు. అయితే పగ తీర్చుకొనుటకు గాని, అబద్ధపు వ్యాజ్యెమునకు గాని ఈ ద్వారమున ప్రవేశింపరాదు.

తరువాత మేము ఆమె యింటికి పోయి క్షమాపణ అడిగితిమి. ఇద్దరు పెద్దలతో మరిది యొద్దకు వెళ్లితిమి; అతడు వినలేదు. అప్పుడు ఆమెతో కూడ మండల న్యాయ సేవాధికార కమిటీకి పోయి అర్జీ ఇప్పించితిమి. వ్యాజ్యెము ఇంకను నడుచుచున్నది. ఉచితముగా దొరికిన న్యాయవాది కొన్నిసార్లు ఆలస్యము చేయుచున్నాడు; ఉపమానములోని విధవరాలివలె ఆమె విసుగక తిరుగుచున్నది.

ఈ మాసములో మరల వాయిదా యున్నది. ఆమె కొరకు ప్రార్థించుడి. ఆ దినమున కూలి మానుకొనగలవారు ఎవరైనను ఆమెతో కూడ బస్సెక్కుడి.