బంతి ఎవరిది?



మా కోలారు బంగారు గనులలో మొన్న పాఠశాలల బాలికల వాలీబాల్ పోటీలు ముగిసినవి. మన సంఘపు పిల్లలు ఇద్దరు ఆడుచుండగా మేమును వెళ్లి చూచితిమి. ఐదవ సెట్టు, ఎదుటివారికి 14, మనవారికి 13. బంతి మెల్లగా వచ్చి ఆ ఇద్దరి నడుమ పడినది. అందని బంతి కాదు. ఆమె తీసుకొనునని ఈమె, ఈమె తీసుకొనునని ఆమె ఊరకుండిరి. కన్నడములో “నందు” అనియో, తెలుగులో “నాది” అనియో ఒక్క కేక వేసిన చాలును! పదవ తరగతి పిల్లలకు ఆ పాఠశాలలో మరుసటి ఏడు లేదు. నెట్టు విప్పుచు ఏడ్చిరి.

1895లో అమెరికాలోని హోల్యోకులో ఈ ఆటను కల్పించిన విలియం మోర్గన్ వై.ఎం.సి.ఏ.లో వ్యాయామ శిక్షకుడు. ఒకరే వెంటవెంటనే రెండుమార్లు బంతిని కొట్టరాదు; పక్కవారు కావలసినదే. అవయవములను గూర్చి పౌలు కొరింథీయులకు వ్రాసినదియు ఇదియే గదా.

2001లో గనులు మూతపడిన పిమ్మట మన యువకులనేకులు పనికై రైలెక్కి బెంగళూరు పోవుచున్నారు. సండేస్కూలులో తెలుగు అక్షరములు నేర్పు తరగతి ఉగాది నుండి ఆగియున్నది. స్త్రీల సమాజము చూచునని పెద్దలము, పెద్దలు చూతురని వారు. ఇక ఆ పిల్లలను తప్పుపట్టుటకు మాకు నోరెక్కడిది?

ఆదివారము ఆరాధన పిమ్మట వారిద్దరు దూరదూరముగా కూర్చుండిరి. మేము వెళ్లి, “ఆ తరగతి ఇక మాది, సాయము చేయుదురా అమ్మా?” అని అడిగితిమి.

“పలకలు నేను తెస్తాను తాతగారూ,” అన్నది ఒకతె. రెండవది ఇంకను తల ఎత్తలేదు.